తెంపినకొద్దీ పెరిగే ఈకనాచు

పోయిన వారం మనం ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి గాజుసీసా బల్లమీద ఉంది, అడిగిన ప్రశ్న అలాగే ఉంది.

"ఇది మీ నాచు తోటలోదేనా?" అని అడిగి, సముద్రతీర శాఖ ఇన్‌స్పెక్టరమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. ఎదురుగా పంతులమ్మ నిలబడి ఉంది.

అందరూ పంతులమ్మ అనే పిలుస్తారు గానీ ఆమె పాఠాలు చెప్పి ఎనిమిదేళ్ళయింది. బడి మూతపడిన ఏడాది, సైన్సు గదిలో దుమ్ముకొట్టుకుపోతున్న అక్వేరియాన్ని ఇంటికి తెచ్చుకుంది. సముద్రపు చేపలమ్మే ఒక ముసలాయన దగ్గర వేలెడంత నాచుతీగ కొని అందులో నాటింది. చేపల మురికిని తిని నీళ్ళని తేటగా ఉంచుతుంది నాచు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "మాకూ కాస్త ఇస్తారా" అని అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు వెనకగదిలో పదకొండు తొట్లున్నాయి. వాటిలో ఎర్రనాచు, ఉండనాచు, ద్రాక్షనాచు పెరుగుతాయి. అన్నిటికన్నా అందమైనది, ఆ మొదటి తీగ సంతానం, ఈకనాచు.

సీసాలో ఉన్నది ఈకనాచే. పాకే తీగ మీద పచ్చటి ఈకలు వరసగా నిలబడి ఉన్నాయి. తీగ కింద వేళ్ళు ఒక పింగాణీ ముక్కని గట్టిగా పట్టుకున్నాయి. ఆ ముక్క అంచున నీలం గీత ఉంది.

పంతులమ్మ ఆ గీతని చూడగానే గుర్తుపట్టింది.

ఆ నీలం గీత కంచాలు అత్తగారివి. అరడజను కంచాలు రెండేళ్ళ కిందట అత్తగారి చేతిలోంచే ఒక్కసారిగా జారిపోయాయి. పంతులమ్మ ఆ ముక్కల్ని పారేయకుండా కడిగి, ఈకనాచు తీగల్ని నూలుదారంతో వాటికి కట్టి మొదటి తొట్టిలో అమర్చింది. పట్టుకోవడానికి గట్టిది ఏదో ఒకటి దొరికితేనే తీగ వేళ్ళు దించుతుంది. కొనేవాళ్ళకి మాత్రం తీగని కత్తిరించి తడికాగితంలో చుట్టి ఇచ్చేది. పింగాణీ ముక్క ఒక్కటి కూడా ఇంటి గడప దాటలేదు.

"ఇలాంటిది చాలామంది దగ్గర ఉంటుంది మేడం," అంది.

"పోయిన ఏడాది దాకా మన సముద్రంలో లేదు. ఎవరో తొట్టి తెచ్చి జెట్టీ పక్కన పారబోశారు. ఇప్పుడక్కడ ఈ ఇల్లంత మేర పరుచుకుంది. చేదు కాబట్టి చేపలు తినవు. దాని నీడకి కింద ఉన్న సముద్రపు గడ్డి చచ్చిపోతోంది. గడ్డి పోతే అందులో పిల్లల్ని పెట్టే చేపలూ పోతాయి." ఇన్‌స్పెక్టరమ్మ సీసాని సంచిలో పెట్టుకుని లేచింది. "సాయంత్రం ఐదింటిదాకా ఆఫీసులోనే ఉంటాను. ఏమైనా గుర్తొస్తే రండి."

'గుర్తొస్తే' అన్న మాట దగ్గర ఆమె గొంతు కొంచెం నెమ్మదించింది. పంతులమ్మ తలొంచుకుని గుమ్మందాకా సాగనంపి వచ్చింది.

ఇక కాలు ఒకచోట నిలవలేదు. వెనకగదిలోకి వెళ్ళి మొదటి తొట్టి ముందు నిలబడింది. మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద గిన్నె దించి, ఎందుకు దించిందో తెలియక మళ్ళీ ఎక్కించింది.

"ఏమిటే అమ్మాయ్, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది అత్తగారు. ఆవిడకి డెబ్భై దాటాయి. కుర్చీలో కూర్చుని ఇల్లంతా నడిపించగలదు. "ఆ అధికారిణి ఏమంటుంది? నీ పాచికి పన్ను కట్టమందా?"

"పాచి కాదత్తయ్యా, నాచు."

"ఏదైతేనేం, కాలేస్తే రెండూ జారేవే."

పంతులమ్మకి నవ్వు రాలేదు. ఇంట్లో ఉండేది ముగ్గురు. తను, అత్తగారు, తన భర్త. ఆ ముక్కని గడప దాటించింది తను కాదు. అత్తగారు వీధి మలుపుదాకా నడిస్తేనే అది ఆ వారానికి పెద్ద విశేషం. మిగిలింది ఒక్కరు. ఆ ఒక్కరి పనే నీళ్ళలో మునగడం. పడవల అడుగున పట్టిన గుల్లల్ని గీకి శుభ్రం చేస్తాడు. రేవులో అందరూ ఆయన్ని బుడుంగు మేస్త్రి అంటారు.

వెళ్ళి మొదటి తొట్టిలో చెయ్యి పెట్టి ఒక ముక్క పైకి తీసింది. తీగని ముక్కకి కట్టిన దారం ముడి చూసింది. తను వేసే ముడి రెండు మెలికలుగా, చెవుల్లా ఉంటుంది. ఇది పడవవాళ్ళ ముడి. పోయిన ఏడాది ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా ఈ ముడి చూసింది. తను లేనప్పుడు ఊడిపోతే పాపం మళ్ళీ కట్టాడు కాబోలు అనుకుని మురిసిపోయింది కూడా. అప్పుడు ముక్కలు లెక్కపెట్టలేదు. ఇప్పుడు చేతికి అందినవన్నీ తడిమి చూస్తే, ఉండాల్సినవాటిలో సగం కూడా లేవు.

అదే సమయానికి వీధి తలుపు చప్పుడైంది. వచ్చింది పళ్ళ డాక్టరమ్మ. చేతిలో మూతున్న బకెట్టు, ముఖంలో కొత్తగా అక్వేరియం కొన్నవాళ్ళ ఆత్రం.

"తొట్టి అద్దాలకి ఆకుపచ్చ జిడ్డు పడుతోందండీ. ఎంత తోమినా మూడోరోజుకి మళ్ళీ వచ్చేస్తోంది. నాచు పెడితే తగ్గుతుందన్నారు."

"తగ్గుతుంది. జిడ్డు తినే తిండినే ఇది ముందుగా తినేస్తుంది." పాఠం చెప్పడం అలవాటైన నోరు తనంతట తనే కదిలింది. మనసు మాత్రం జెట్టీ దగ్గరే ఉంది. ఉండనాచు తొట్టిలోంచి ఒక గుప్పెడు తీసి డాక్టరమ్మ అరచేతిలో పెట్టింది. గాలపు తీగ చిక్కుపడి ముద్దయినట్టు ఉంది అది. "నొక్కి చూడండి. గరగరమనాలి. మెత్తగా జారిపోతుంటే కొనకండి, దాని పని అయిపోయినట్టే. అంచులు తెల్లబడినా వద్దు."

"ఇంటికెళ్ళగానే తొట్టిలో వేసేయనా?"

"అయ్యో, వద్దు. వేరే గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి జాడించండి. పీతపిల్లలూ, పురుగులూ దాక్కుని వస్తాయి. మంచినీళ్ళలో నానబెట్టకండి, చచ్చిపోతుంది. లైటు బాగా పడేచోట ఉంచండి. నీళ్ళు దీన్ని మెల్లగా దొర్లిస్తూ ఉండాలి, అప్పుడే అన్ని వైపులా వెలుతురు తగులుతుంది. పెరిగాక వారంవారం ఒక గుప్పెడు తీసేయాలి. అలా తీసేస్తేనే మురికి బయటికి పోయినట్టు."

"తీసింది ఎక్కడ పారేయాలండీ?"

ఎనిమిదేళ్ళలో ఎంతోమంది కొనుక్కెళ్ళారు. ఈ ప్రశ్న అడిగింది ఈవిడొక్కతే. అడగనివాళ్ళకి తనంతట తను ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థం కాలేదు.

"ఎండలో పెళపెళలాడేదాకా ఎండబెట్టి చెత్తలో వేయండి," అంది చివరికి. "కాలవలో వద్దు. సముద్రంలో అసలే వద్దు."

డాక్టరమ్మ తలూపి, మొదటి తొట్టి వైపు చూసింది. "ఆ ఈకల్లాంటిది ఎంత బాగుందో. అది కూడా కాస్త ఇవ్వండి."

"అది అమ్మను."

"అదేమిటే, మొన్నటిదాకా అమ్మావుగా?" అని కుర్చీలోంచే అందుకుంది అత్తగారు.

"ఇవాళ్టి నుంచి అమ్మనత్తయ్యా." ఆ మాట ఎంత గట్టిగా అందంటే డాక్టరమ్మ బకెట్టు మూత పెట్టుకుని, థాంక్స్ చెప్పి, గబగబా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి మేస్త్రి వచ్చాడు. తల ఇంకా తడిగానే ఉంది. ఒంటి మీంచి ఉప్పు, డీజిల్ వాసన వస్తున్నాయి. చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. పంతులమ్మ అన్నం పెట్టింది, కూర వేసింది, నీళ్ళు పెట్టింది. ఆయన మొదటి ముద్ద కలుపుతుండగా అడిగింది.

"నా మొదటి తొట్టి ఎక్కడ పారబోశారు?"

కలిపే చెయ్యి ఆగిపోయింది.

"ఏ తొట్టి?"

"నీళ్ళు నమలకండి. జెట్టీ కింద దొరికిన నాచు పొద్దున మనింటికొచ్చింది. అత్తయ్య కంచం ముక్కతో సహా వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ తెచ్చి నా ముందు పెట్టింది. నేను దాని మొహం చూసి, నాది కాదన్నట్టు మాట్లాడాను. పిల్లలకి పాతికేళ్ళు నిజం చెప్పమని చెప్పిన నోరు ఇది."

మేస్త్రి కంచాన్ని కొంచెం ముందుకి జరిపాడు.

"నువ్వు ఆపరేషనయ్యి ఆస్పత్రిలో ఉన్నావే, పదో రోజు," అన్నాడు. "పొద్దున్నే లేచి చూస్తే తొట్టిలో పాలు పోసినట్టుంది. ఈకలన్నీ తెల్లగా, గాజులా అయిపోయాయి. వాసన. అడుగున కొంచెం తీగ పచ్చగా ఉంది గానీ, మిగతాదంతా చేతిలో కరిగిపోతోంది. పక్క తొట్టిలో సముద్రపు గుర్రం చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. రెండు తొట్లకీ నీళ్ళు ఒకటేనని నువ్వేగా చెప్పావు? అవి కూడా చచ్చిపోతాయనిపించింది. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ తొట్టి ఉన్నదున్నట్టు ఎత్తి పడవలో వేసుకుని జెట్టీ పక్కన గుమ్మరించేశాను."

"నాకు ఫోన్ చెయ్యచ్చుగా?"

"చేసి ఏం చెప్పాలి? పొట్టకి కుట్లతో మంచమ్మీద ఉన్నావు. ఫోన్లో రోజూ నువ్వు ముందడిగేది నా సంగతి కాదు, అమ్మ సంగతీ కాదు. 'మొదటి తొట్టి బావుందా' అనే. ఎనిమిదేళ్ళ మొక్క పోయిందని ఏ నోటితో చెప్పను?"

"మరి ఇప్పుడు తొట్టిలో ఉన్నది?"

"చేపల కొట్లో కొన్నాను." ఆయన గొంతు తగ్గింది. "అడిగితే, ఇది మీ ఆవిడ దగ్గర తెచ్చిందేనండీ అన్నాడు. నీ మొక్క పిల్లనే కొనుక్కొచ్చి, గుమ్మరించాక తొట్టి అడుగున మిగిలిపోయిన ముక్కలకి కట్టి పెట్టాను. నువ్వు ఇంటికొచ్చి దాన్ని చూసి నవ్వావు. అప్పుడు చెబుదామనుకున్నా. ఆ నవ్వు చూశాక నోరు పెగల్లేదు."

పంతులమ్మకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుని, దాన్ని నిలబడనివ్వడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

"ఊరికే ఎందుకు తెల్లబడుతుంది? రాత్రి కూడా లైటు తీయొద్దని చెప్పి వెళ్ళానుగా. ఈకనాచుకి చీకటి ఎక్కువైతేనే అలా గింజలు వదిలేసి చచ్చిపోతుంది."

"నేను తీయలేదు," అన్నాడు మేస్త్రి.

అత్తగారి కుర్చీ కిర్రుమంది.

"నేను తీశానమ్మా," అంది ఆవిడ. ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది ఆ గొంతు. "ఖాళీ గదిలో రాత్రంతా దీపాలెందుకని రోజూ తీసి పడుకునేదాన్ని. పొద్దున్నే లేచి వేసేదాన్ని. మొక్కలకి కూడా నిద్ర ఉంటుందనుకున్నా. వీడు తెల్లారి తొట్టి చూసి ఏడ్చాడు. అప్పుడు కూడా అది నా వల్లేనని నాకు తెలియదు."

పంతులమ్మ అత్తగారి వైపు చూసింది. ఆవిడ చీర కొంగు అంచుని మడతలు పెడుతూ విప్పుతూ ఉంది. వెళ్ళి ఆవిడ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

"అంతటితో అయిపోతుందనుకున్నా," అన్నాడు మేస్త్రి. "సముద్రం అంత పెద్దది, ఒక్క తొట్టెడు పాచి ఏం చేస్తుంది అనుకున్నా. రెండు నెలల తర్వాత పని మీద జెట్టీ కింద దిగితే కనిపించింది. చాపంత అయింది. భయమేసింది. అప్పట్నుంచీ వారంవారం దిగుతున్నాను. పని మధ్యలో గంటో రెండు గంటలో దొరికితే చేతులతో పీకుతున్నాను. పీకి పీకి గోళ్ళు పోయాయి. ఇన్నాళ్ళూ పడవల మీద గుల్లల వల్ల అని నీతో అబద్ధమాడాను. ఎంత పీకినా వచ్చేవారానికి ఇంకా పెద్దదవుతోంది. నాకేం అర్థం కావట్లేదు."

పంతులమ్మ గోడని వదిలి ముందుకొచ్చింది. "మీరు పీకుతున్నారా?"

"పీకకపోతే మరేం చేయను?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఎంగిలి చెయ్యి అని కూడా చూడలేదు. వెనకగదిలోకి లాక్కెళ్ళి, కిటికీ పక్కనున్న పళ్ళెం చూపించింది. లోతులేని ఉప్పునీళ్ళలో గోరంత గోరంత ఆకుపచ్చ ముక్కలు పడి ఉన్నాయి.

"వారం కిందట కత్తిరించి వేశాను. ఇటు చూడండి."

ఆయన వంగి చూశాడు. ప్రతి ముక్క కింద దారప్పోగులాంటి తెల్లటి వేరు దిగి ఉంది. కొన్నిటికి పక్కనించి కొత్త చిగురు కూడా వచ్చింది.

"దీనికి గింజతో పని లేదు. తెంపిన ప్రతి ముక్కా ఒక మొక్కే. నేను తొట్లో పెంచేది కూడా ఇలాగే. మీరు సముద్రంలో చేస్తున్నదీ ఇదే."

మేస్త్రి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటివైపు చూసుకున్నాడు. మూడు వేళ్ళకి గోళ్ళు సగమే ఉన్నాయి.

"దాదాపు ఏడాది," అన్నాడు. "ఏడాదిగా నేనే నాటుతున్నానన్నమాట."

ఆమె తువ్వాలు తెచ్చి ఆయన ఎంగిలి చెయ్యి తుడిచింది.

కాసేపటికి ఆయన లేచాడు. "నేనొక్కణ్ణే వెళ్ళి చెబుతాను. నా లైసెన్సు పోతే పోతుంది. నువ్వు రాకు."

"పొద్దున అబద్ధం ఆడింది నేను. నేనెందుకు రాను?" అంది. "ముందు అన్నం తినండి. ఖాళీ కడుపుతో నిజం చెబితే గొంతు వణుకుతుంది."

ఆయన తినలేదు. ఆమె కూడా తినలేదు. కంచం మీద మూత పెట్టి అత్తగారితో చెప్పి బయల్దేరారు.

సముద్రతీర శాఖ ఆఫీసు రేవు చివర రేకుల కప్పు కింద ఉంది. ఫ్యాను తిరుగుతున్నా గాలి రావడం లేదు. ఇన్‌స్పెక్టరమ్మ వాళ్ళిద్దర్నీ చూసి, ఆశ్చర్యపోకుండా కుర్చీలు చూపించింది. మేస్త్రి కూర్చోలేదు. నిలబడే మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. తల్లి లైటు తీసిన సంగతి మాత్రం చెప్పలేదు. అది పంతులమ్మ గమనించింది, కలగజేసుకోలేదు.

"పొద్దున నేను మీకు సరిగ్గా జవాబు చెప్పలేదు మేడం," అంది తన వంతు రాగానే. "ఆ ముక్క మాదే. చూడగానే గుర్తుపట్టాను."

ఇన్‌స్పెక్టరమ్మ ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. "మొన్నటిదాకా ఇది ఎవరో బుద్ధిలేనివాళ్ళ పని అనుకుని రోజూ తిట్టుకున్నాను," అంది. "మీరిద్దరూ ఇలా వచ్చి నిలబడితే ఎలా తిట్టాలో తెలియడం లేదు." సొరుగులోంచి పటం తీసి బల్లమీద పరిచింది. ఎర్ర పెన్నుతో మూడు గుర్తులున్నాయి. "మీరు గుమ్మరించింది ఇక్కడ, జెట్టీ దగ్గర. సరే. మరి ఇవి రెండూ?"

మేస్త్రి వంగి చూశాడు. ఒకటి పడవల మరమ్మతు రేవు. రెండోది ఐసు ఫ్యాక్టరీ వెనక వైపు.

"అక్కడ నేనేమీ పోయలేదు మేడం."

"పోయలేదని నాకూ తెలుసు. జెట్టీ నుంచి నీళ్ళ ఒరవడి అటు పోదు. అందుకే అడుగుతున్నాను. మీరు పీకింది దేంట్లో వేసేవారు?"

"వలసంచిలో. నడుముకి కట్టుకుని."

"సంచి నిండాక?"

"నడుముకే ఉంచుకుని తర్వాతి పనికి వెళ్ళేవాణ్ణి. రోజుకి రెండు మూడు పడవలు గీకాలి కదా. సాయంత్రం ఒడ్డుకొచ్చాక ఎండబెట్టి కాల్చేవాణ్ణి."

"వలసంచి కన్నాలు ఎంతుంటాయి?"

మేస్త్రి చిటికెనవేలు పైకెత్తాడు. ఎత్తిన వేలు అలాగే ఉండిపోయింది. ఆ మాటకి అర్థం ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. "అంటే గోరంత ముక్కలన్నీ జారిపోయేవే," అన్నాడు.

"ఈ ఏడాదిలో ఆ సంచితో ఎక్కడెక్కడ దిగారు?"

ఆయన వేళ్ళు ముడుస్తూ ఒక్కో రేవు పేరూ చెప్పసాగాడు. ఇన్‌స్పెక్టరమ్మ పటం మీద గుర్తులు పెడుతూ పోయింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ మొదటి వేలు దగ్గర ఆగాడు.

"నిన్న," అన్నాడు.

"నిన్న ఎక్కడ?"

"తాబేళ్ళ మడుగులో."

పెన్ను ఆగిపోయింది. రేవుకి అరగంట దూరంలో ఉంటుంది తాబేళ్ళ మడుగు. ఛాతీలోతు నీళ్ళు, అడుగంతా సముద్రపు గడ్డి. తాబేళ్ళు అక్కడికే మేయడానికి వస్తాయి. బయటి పడవ ఒక్కదాన్ని కూడా అటు రానివ్వరు. ఇన్‌స్పెక్టరమ్మ ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ కాపాడుకుంటూ వచ్చిన చోటు అది.

"అక్కడ మీకేం పని?"

"మామూలుగా జెట్టీ పక్కన లంగరేసే మీ శాఖ పడవే మేడం. అడుగున గుల్లలు పట్టాయి, కొలతలు తీసే పని మధ్యలో ఉంది, రేవుకి తేలేం, అక్కడికే వచ్చి గీకమన్నారు. కాగితం మీద సంతకం మీదే."

ఇన్‌స్పెక్టరమ్మ పటం మీద అక్కడ కూడా గుర్తు పెట్టింది. తర్వాత పంతులమ్మ వైపు తిరిగింది. "ముక్క పడ్డాక వేళ్ళు దించడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

"రెండు మూడు రోజులు. ఇంకా దించి ఉండదు. నిన్న పడినవైతే గడ్డి మధ్యలో ఊరికే పడి ఉంటాయి. చేత్తో ఏరేయచ్చు."

"ఆ గడ్డిలో దీన్ని గుర్తుపట్టేదెవరు? మా కుర్రాళ్ళకి రెండూ ఆకుపచ్చే."

"నేను గుర్తుపడతాను," అంది పంతులమ్మ.

మేస్త్రి ఉలిక్కిపడి చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఇంట్లో సముద్రాన్ని పెంచుతున్న ఆ మనిషి సముద్రంలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. పడవ ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. "నీకు కుట్లు..." అని మొదలుపెట్టాడు.

"మానిపోయి చాలా రోజులైంది. పదండి, వెలుతురుండగానే వెళ్ళాలి."

నాలుగింటికల్లా ముగ్గురూ తాబేళ్ళ మడుగులో ఉన్నారు. దారి పొడుగునా పంతులమ్మ పడవ అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మేస్త్రి ఇంజను ఆపి, పడవని గెడతో మెల్లగా నడిపించాడు. ఇన్‌స్పెక్టరమ్మ అడుగున అద్దం బిగించిన బకెట్టు ఒకటి ఆమె చేతికిచ్చింది. నీళ్ళమీద ఆనించి చూస్తే అడుగు స్పష్టంగా కనిపిస్తుంది.

పంతులమ్మ వంగి చూసింది. మొదట కళ్ళు తిరిగాయి. తర్వాత ఆగాయి. గడ్డి ఒకే వైపుకి వాలి లేస్తోంది. పల్చటి నాలుకల్లాంటి ఆకుల మధ్య చిన్నచిన్న చేపలు మెరిసి మాయమవుతున్నాయి. తన గదిలో పదకొండు తొట్లలో తను పెంచాలని చూసింది ఇదే. అది ఇక్కడ ఎవరూ పెంచకుండానే పెరుగుతోంది. ఒక నిమిషం ఎందుకొచ్చిందో మర్చిపోయింది.

"అటు," అంది హఠాత్తుగా. "కుడివైపు. ఇంకొంచెం. ఆపండి."

గడ్డి కుదురు పక్కన పచ్చటి ఈక ఒకటి నిలబడి ఉంది. దాని పక్కన ఇంకొకటి. వాటి వెనక ఇంకొన్ని.

"నేను దిగి తీస్తాను," అని మేస్త్రి చొక్కా విప్పబోయాడు.

"దిగకండి. ముట్టుకోకండి." ఆమె బకెట్టుని ఇంకాస్త నొక్కి, ముఖం అద్దానికి ఆనేంతగా వంగింది. ఈకలు నీళ్ళతోపాటు ఊగుతున్నాయి గానీ చోటు కదలడం లేదు. ఇసుక చెదిరిన చోట తీగ కనిపించింది. చిటికెనవేలంత లావుంది. దాని వేళ్ళు గడ్డి వేళ్ళని చుట్టుకుని లోపలికి దిగిపోయాయి.

పంతులమ్మ తల ఎత్తేసరికి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ మీది నుంచి భర్త మీదికి, మళ్ళీ ఆమె మీదికి చూపు తిప్పింది.

"ఇది నిన్న పడింది కాదు మేడం. వేళ్ళు బాగా దిగిపోయాయి. తీగ ముదిరింది. ఎంత తక్కువ చూసినా ఆరునెలలై ఉంటుంది."

"ఆరునెలలా?" అన్నాడు మేస్త్రి. "నేనిక్కడ నా జన్మలో దిగింది నిన్నొక్కసారే!"

గెడ నీళ్ళలో ఊరికే నిలిచిపోయింది. ఇక్కడికి ఏ పడవనీ రానివ్వరు. ఒక్క పడవని తప్ప.

ఇన్‌స్పెక్టరమ్మ పాతిక గజాల దూరంలో ఆగి ఉన్న తమ శాఖ పడవ వైపు చూస్తూ లేచి నిలబడింది. ఆ పడవ ముందువైపు నుంచి లంగరు గొలుసు ఏటవాలుగా నీళ్ళలోకి దిగి ఉంది. నీటిమట్టానికి జానెడు కింద, గొలుసు లంకెల సందుల్లో, ఆకుపచ్చగా ఏదో కదులుతోంది.